కొత్త ఇత్తడి గుబ్బలకు పాత రంగు: నా అనుభవం

పాత టేకు తలుపుకు కొత్త ఇత్తడి గుబ్బలు బిగిస్తే ముందు అవే కనిపిస్తాయి, తలుపు కనిపించదు. ప్రొద్దుటూరులో మేం కట్టుకున్న ఇంటి తలవాకిలికి వచ్చిన ఇబ్బంది అదే. మా జేజి వాళ్ల ఊర్లో మిద్దె పడగొట్టినప్పుడు రెండు రెక్కల తలుపును ద్వారబంధంతో సహా తెచ్చుకున్నాం. కుడి రెక్క మీద గుబ్బలు, కడియం అన్నీ దిట్టంగా ఉన్నాయి. ఎడమ రెక్క మీద సగం గుబ్బలు ఊడిపోయి బొక్కలు మిగిలాయి, కడియం అసలే లేదు. ఇనుప మడతబందులు తుప్పు తినేసి పొరలు పొరలుగా లేచి ఉన్నాయి. కొత్త సామాను తెచ్చి పాతదాని పక్కన పెట్టి చూస్తే మా ఆయన అన్నాడు, "ఒక రెక్క మనది, ఇంకోటి ఎవురిదో తెచ్చి తగిలించినట్టు ఉంది."

మా వదిన చెప్పిన ఉపాయం తేలికైనది. "పాతవాటికి కూడా పీతాంబరి వేసి రుద్దించు, అన్నీ ఒకే తీరుగా తళతళలాడతాయి." అది అరపూట పని, నిజమే. కానీ ఆ గోధుమ నలుపు పట్టడానికి రెండు తరాల కాలం పట్టింది. పొడి పెట్టి రుద్దితే మళ్లీ రాదు. అందుకని కొత్తవాటినే పాతవాటి దారికి తేవాలనుకున్నాను.

బజారులో "యాంటిక్ ఫినిష్" అని రెడీగా దొరికేవి కూడా చూశాను. అవన్నీ పైనుంచి కిందిదాకా ఒకే గోధుమరంగు. మూల అని లేదు, అంచు అని లేదు. పైన పెయింటు కొట్టారని దూరం నుంచే తెలిసిపోతుంది.

అన్నిటికన్నా ముందు చేతిలో ఉన్నది నిజంగా ఇత్తడేనా అని చూసుకోవాలి. మొదట ఒక అంగడిలో "ప్యూర్ బ్రాస్ మేడమ్" అని ఇచ్చిన గుబ్బలకు ఇంటికొచ్చి ఫ్రిజ్ మీది అయస్కాంతం ఆనిస్తే టక్కున అతుక్కుంది. లోపల ఇనుము, పైన ఇత్తడి పూత. అయస్కాంతం అతుక్కోనంత మాత్రాన ఇత్తడి అని కూడా నమ్మకూడదు. జింక్ కలిపి పోతపోసే తెల్లలోహం ఒకటి ఉంది, హ్యాండిళ్లు చాలావరకు దానితోనే చేస్తారు, దానికీ అయస్కాంతం పట్టదు. వెనకవైపు కనబడని చోట ఆకురాయితో కొంచెం గీకాలి. పసుపు పచ్చగా ఉంటే ఇత్తడి, బూడిద రంగు తేలితే కాదు. పూత సామానును రంగు తెప్పించే మందు నీళ్లలో ముంచితే పూత లేచిపోయి లోపలి లోహం బయటపడుతుంది తప్ప పాత రంగు రాదు. కడకు కిలోల లెక్కన అమ్మే పోత ఇత్తడి సామాను తెచ్చాను. వెనకంతా గరుకుగా ఇసుక అచ్చు గుర్తులతో ఉంటుంది. బరువు చేతికి తెలుస్తుంది.

అది ఇత్తడే అయినా, మన మందు నేరుగా ఇత్తడికి తగలదు. నల్లబడకుండా ఉండాలని కంపెనీలోనే పైన కంటికి కనబడని లాకర్, అంటే పారదర్శకమైన వార్నిష్ లాంటిది, పూస్తారు. అది ఉన్నంతకాలం ఏం పోసినా జారిపోతుంది. నెయిల్ పాలిష్ తీసే అసిటోన్‌తో కొన్నిటికి పోయింది, కొన్నిటికి పోలేదు. పోనివాటిని పాత గిన్నెలో చాకలి సోడా వేసి మరగబెట్టాను. పైపొర పాల మీగడ మాదిరి ముడుచుకుని లేచింది, నైలాన్ బ్రష్‌తో తోస్తే ఊడొచ్చింది. ఆ గిన్నె మళ్లీ వంటింట్లోకి రాకూడదు. పూత పూర్తిగా పోయిందో లేదో చెప్పేది నీళ్లే. గుబ్బ మీద నీళ్లు పోస్తే పలచటి పొరగా పరుచుకుంటే శుభ్రం అయినట్టు, బొట్లు బొట్లుగా నిలిస్తే ఇంకా లాకరో, జిడ్డో ఉన్నట్టు. ఆ తర్వాత వేలితో ముట్టుకోకూడదు, వేలిముద్ర పడ్డచోట రంగు వేరుగా వస్తుంది. నేను చేతి గ్లవ్స్ వేసుకుని, చింతపండుతో ఒకసారి రుద్ది వెంటనే కడిగేశాను. వెంటనే అని ఎందుకంటున్నానంటే, పులుపులో ఎక్కువసేపు వదిలేస్తే ఇత్తడిలోని జింక్ ముందు కరిగిపోయి రాగి పైకి తేలుతుంది, గులాబీ రంగు తిరుగుతుంది. ఇత్తడి చెంబులో చింతపండు పెట్టి మరిచిపోయినవాళ్లకు ఈ సంగతి తెలిసే ఉంటుంది.

ప్రొద్దుటూరులో ఉంటూ లోహం గురించి అడగడానికి మనుషులు లేరంటే నవ్వుతారు. బంగారు అంగళ్ల వెనక సందులో మా నాయనకు తెలిసిన ఆచారి ఒకాయన ఉన్నాడు. గుబ్బ చేతిలో పెట్టి సంగతి చెబితే కళ్లద్దాలు పైకి నెట్టుకుని చూశాడు.

"ఏం మా, ఊరంతా నల్లబడిందని మెరుగు పెట్టించుకోను నా కాడికి వస్తారు. నువ్వు మెరిసేదాన్ని నలుపు చేయమని వస్తివి."

"గుడ్డు పెడితే నల్లబడుతుందంటారు కదన్నా?"

"వెండికి పడుతుంది, రాగికి పడుతుంది. ఇత్తడి మొండిది మా, గంధకానికి అంత తొందరగా లొంగదు. కావాలంటే చూసుకో."

చూశాను. ఉడికించిన గుడ్లను వేడిగా ఉండగానే మెదిపి మూత గట్టిగా పట్టే డబ్బాలో వేసి, పక్కన ఒక రాగి తీగ ముక్క, ఒక ఇత్తడి గుబ్బ గుడ్డుకు తగలకుండా పెట్టాను. గుడ్డులో ఉన్న గంధకం ఆవిరిగా వచ్చి లోహాన్ని పడుతుంది, పండగలకు తీసిన వెండి గిన్నెలు బీరువాలో నల్లబడేదీ గంధకం వల్లే. సాయంత్రానికి రాగి తీగ బొగ్గు రంగుకు తిరిగింది. ఇత్తడి మాత్రం కొంచెం మాసినట్టుగా అయింది, అంతే. వెండి పట్టీలకు, రాగి సామానుకు ఈ పద్ధతి బ్రహ్మాండం. డబ్బా తెరిచినప్పుడు వచ్చే కంపును ఓర్చుకోగలగాలి.

ఆచారన్న ఇంకో మాట కూడా చెప్పాడు. పులుపు నీళ్లలో రాగి గానీ ఇత్తడి గానీ కడిగినాక, అదే నీళ్లలో ఇనుప పట్టకారు పెట్టకూడదట. ఇనుము తగలగానే, నీళ్లలో కరిగి ఉన్న రాగి వస్తువు మీదికి ఎక్కి కూర్చుంటుంది. నగల పనివాళ్లకు ఇది తలనొప్పి. నాకు మాత్రం ఒకచోట అక్కరకొచ్చింది. పాత కడియం మిగతావాటికన్నా ఎర్రగా ఉంది. కొత్త కడియాన్ని దానికి జత చేయాలంటే పైన కాస్త రాగి ఛాయ కావాలి. పురుగుమందుల అంగడిలో దొరికే మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్, రాగి ఉన్న ఉప్పు) కొంచెం నీళ్లలో కలిపి, రెండు చుక్కల యాసిడ్ వేసి, కడియాన్ని అందులో ఉంచి ఇనుప మేకు ఆనిస్తే చూస్తుండగానే ఎర్ర పొర పట్టింది. అది చాలా పలచన, గట్టిగా రుద్దితే పోతుంది. మీద రంగు వేయడానికి సరిపోతుంది.

ఉప్పు, వెనిగర్ కలిపి పూసే పద్ధతి అందరూ చెబుతారు. దానితో వచ్చేది పచ్చటి చిలుము. సముద్రం పక్క ఊర్లలో ఉప్పుగాలికి ఇత్తడి పచ్చబడుతుంది, అక్కడి తలుపులకు అందంగానే ఉంటుందేమో. మా సీమ గాలిలో తేమ ఎక్కడిది? జేజి తలుపు మీద పచ్చదనం ఒక్కచోట కూడా లేదు. పైగా ఆ చిలుము విషం, పిల్లలు చేతులు వేసే తలుపుకు వద్దనుకున్నాను.

మిగిలింది అమ్మోనియా. వెనకట ఇంటి ప్లాన్లు నీలి గీతలతో అమ్మోనియా ప్రింట్లు తీసేవాళ్లు కదా, ఆ ఘాటే. కెమికల్స్ అమ్మే చోట 25 శాతం ద్రావణం దొరుకుతుంది. ఇది ఆషామాషీ సరుకు కాదు, కళ్లకు, ఊపిరితిత్తులకు ప్రమాదం. ఎండాకాలంలో సీసాలో ఆవిరి ఒత్తిడి పెరిగి మూత తీయగానే ముఖం మీదికి తన్నుకొస్తుంది. మాకేమో మార్చి దాటితే 40 డిగ్రీలు. అందుకే సీసాను ముందు చల్లనీళ్ల బకెట్లో పెట్టి, పొద్దున్నే ఎండ ఎక్కకముందే మిద్దెపైన, గాలి వీపుకు తగిలేటట్టు నిలబడి తెరిచాను. కళ్లజోడు, రబ్బరు గ్లవ్స్ తప్పనిసరి. ఆ చుట్టుపక్కల బ్లీచింగ్ పౌడర్ గానీ, ఫ్లోర్ బ్లీచ్ గానీ ఉండకూడదు, రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది. పిల్లల్ని కిందికి పంపి తలుపు గొళ్లెం పెట్టాను.

పని చూస్తే చిన్నదే. ఖాళీ పెయింటు బకెట్ అడుగున గాజు గిన్నెలో అమ్మోనియా పోసి, బకెట్ పైన అడ్డంగా కట్టె పెట్టి, గుబ్బలను ప్లాస్టిక్ దారంతో ఒకదానికొకటి తగలకుండా వేలాడదీసి మూత బిగించడం. మందులో ముంచడం లేదు, ఆవిరే రంగు వేస్తుంది. మొదట ఎండుగడ్డి రంగు, ఆ మీదట తేనె రంగు, తర్వాత గోధుమ, ఇంకా ఉంచితే నలుపుకు దగ్గరగా వస్తుంది. మూత తీసిన ప్రతిసారీ ఆవిరి పోతుంది కాబట్టి ఊరికే తొంగి చూడకూడదు. మూతకు లోపల పట్టిన చెమ్మ చుక్కగా గుబ్బ మీద పడితే అక్కడ చిక్కటి నీలం మచ్చ వస్తుంది. రాగి, అమ్మోనియా కలిస్తే వచ్చే రంగది, చూడ్డానికి నెమలి కంఠం మాదిరి ఉన్నా తలుపు మీద పనికిరాదు. మూత లోపలివైపు పాత పంచె గుడ్డ ఒకటి కట్టాక ఆ మచ్చలు ఆగిపోయాయి. బయటికి తీసినాక నీళ్లతో కడిగి ఎండలో పెట్టాలి. కడిగిన నీళ్లలో రాగి ఉంటుంది, పక్కింటోళ్ల బర్రెల కుడితి తొట్టి దగ్గర పారబోయకండి.

అమ్మోనియాకూ ఇత్తడికీ పాత పగ ఒకటుంది, అది తెలిశాక కొన్ని సామాన్లను బకెట్లో పెట్టలేదు. ఇంగ్లీషువాళ్ల కాలంలో మన దేశంలో సైన్యం తూటాల ఇత్తడి గొట్టాలు వానాకాలంలో వాటంతటవే పగిలేవట. వాటిని గుర్రాల లాయాల్లో నిల్వ చేసేవాళ్లు. గొట్టం సాగదీసేటప్పుడు లోహంలో మిగిలిపోయిన ఒత్తిడికి, గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా తోడై పగుళ్లు తెచ్చిందని 1921లో తేల్చారు. పోత గుబ్బలకు ఆ భయం తక్కువ. రేకు కొట్టి వంచినవి, స్ప్రింగులు, పలచటి గొలుసు కడీలు మాత్రం అమ్మోనియాలో నానబెట్టకూడదు. గొళ్లెం గొలుసుకు, స్క్రూ తలలకు నేను ఎలక్ట్రానిక్స్ అంగళ్లలో సర్క్యూట్ బోర్డుల కోసం అమ్మే ఫెర్రిక్ క్లోరైడ్‌ను బాగా పలచన చేసి బ్రష్‌తో అద్దాను. నిమిషాల్లో గోధుమ రంగు వస్తుంది, వెంటనే కడిగేయాలి. చీర మీద పడితే ఆ మరక జన్మకు పోదు.

రంగు వచ్చేసింది కదా అని గుబ్బలను తలుపు దగ్గర పెట్టి చూస్తే ఇంకా ఏదో తేడా. నలుపు సరిపోయింది, అయినా జత కుదరడం లేదు. మధ్యాహ్నం పనులన్నీ అయ్యాక పీట వేసుకుని కుడి రెక్క ముందు కూర్చుని ఒక్కో పాత గుబ్బను వేలితో తడుముతూ చూశాను. కింది వరస గుబ్బల మొనలు బాగా అరిగి మెరుస్తున్నాయి, నడక నేర్చే పిల్లలు పట్టుకుని లేచేది అక్కడే. నడుమెత్తులో ఉన్నవాటికి ఒకవైపే మెరుపు, మనుషులు తలుపును భుజంతో తోసే వైపు. పై వరస ఎవరికీ అందదు, అవి మొత్తం మాసి ఉన్నాయి. కడియానికైతే కింది వంపు లోపలివైపు, వేళ్లు దూరే చోట, బంగారం మాదిరి తేరుకుంది. పైన కొక్కేనికి తగిలేచోట గాడి పడింది. గుబ్బ చుట్టూ పూరేకుల సందుల్లో ఉన్న నలుపును పుల్లతో గీకితే పిండి మాదిరి రాలింది. అది ఇత్తడి నల్లబడింది కాదు. పసుపు, కుంకుమ, దీపం మసి, నూనె, దుమ్ము అన్నీ కలిసి ఏళ్ల తరబడి గట్టిపడిన మడ్డి.

ఆ పూట తర్వాత పని తేలికైంది. ఏ గుబ్బ ఏ వరసలోకి పోతుందో వెనక చాక్‌పీస్‌తో రాసుకుని, కింది వరసవాటి మొనలను సన్నటి స్టీల్ ఉన్నితో బాగా రుద్దాను, నడుమ వరసకు ఒకవైపే, పై వరసను ముట్టుకోలేదు. గిన్నెలు తోమే పచ్చ పీచు వాడితే గీతలు పడతాయి, ఆఖర్న చేతి వేలికి గుడ్డ చుట్టి రుద్దితేనే అరుగుదల సహజంగా ఉంటుంది. కడియం లోపలి వంపును నూలుతాడు పోసి అటూ ఇటూ లాగి మెరుగుపెట్టాను. సందుల్లో నలుపుకు మా జేజి కాటుక పట్టిన పద్ధతే. ఆముదం దీపం మీద స్టీలు పళ్లెం బోర్లించి మసి పట్టి, కరిగించిన తేనెమైనంలో కలిపి, పుల్లతో పూరేకుల మధ్య కూరి, పైన అంటినదాన్ని తుడిచేశాను. కుంకుమ కూడా చిటికెడు కలిపాను, ఎవరికీ కనబడదు, నా తృప్తికి.

మడతబందుల కథ వేరు. కొత్త ఇనుప బందులకు తుప్పు పట్టకుండా జింక్ పూత ఉంటుంది, తెల్లగా మెరుస్తుంది. మరుగుదొడ్లకు పోసే యాసిడ్‌లో పెడితే బుడగలు వస్తాయి, బుడగలు ఆగాయంటే జింక్ పోయిందని లెక్క. ఆరుబయట చేయాలి, నిప్పు దగ్గర ఉండకూడదు. తీసి వంటసోడా నీళ్లలో ముంచి కడిగి, వెనిగర్ చల్లి మిద్దెపైన వదిలేస్తే తెల్లారేసరికి నారింజ రంగు తుప్పు. దాన్ని అట్లే వదిలితే తినేస్తుంది. అక్కడ ఆయుర్వేద మందుల అంగడి కరక్కాయ ఆదుకుంది. దంచి నానబెట్టి మరిగించి వడగట్టిన కషాయాన్ని తుప్పు మీద బ్రష్‌తో పూస్తే ఎర్రదనం కళ్లముందే నీలి నలుపుకు తిరిగింది. కరక్కాయలోని వగరు, ఇనుము కలిస్తే నల్లటి పదార్థం అవుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో నల్ల గీత వచ్చేదీ ఇట్లే: తుప్పు ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో పులియబెట్టి, ఆ నీళ్లతో కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద గీస్తారు. బందులను పూయడం, ఎండబెట్టడం, ఊడేదాన్ని బ్రష్‌తో దులపడం, మళ్లీ పూయడం. కమ్మరి కొలిమి నుంచి వచ్చిన నలుపు తేలేదాకా చేశాను. మీద అవిసె నూనె పలచగా రుద్దాను. ఆముదం వద్దు, అది ఎప్పటికీ ఆరదు, దుమ్మంతా దానికే. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. నీళ్లలో తడిపి, విప్పి ఆరేసి పారేయాలి.

బిగించేటప్పుడు వడ్రంగి అన్న ప్లస్ గుర్తు స్క్రూలు తీశాడు. వద్దని ఒక్క గాడి ఉన్న ఇత్తడి స్క్రూలు ఇచ్చాను. పాత తలుపు మీద ప్లస్ స్క్రూ కనబడితే ఇంత శ్రమా వృథా. ఇత్తడి స్క్రూ మెత్తనిది, గట్టి టేకులో తల తెగిపోతుంది. "ముందర ఇనుప స్క్రూ తిప్పి తీసేసి, ఆ దారిలోనే ఇత్తడిది మైనం రాసి పోనిద్దాంలేక్కా" అన్నాడు. ఒక్కటి కూడా తెగలేదు.

మా వాకిలి పడమర ముఖం. సాయంత్రం ఎండకు ఇత్తడి చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, తేనెమైనం మెత్తబడి దుమ్ము పట్టే అవకాశం ఉంది. అందుకని పైపూతకు కార్లకు వాడే కార్నౌబా మైనం రాశాను, అది ఇంకా ఎక్కువ వేడికి గానీ కరగదు. ఆరు నెలలకోసారి మళ్లీ రాస్తే చాలు. లాకర్ స్ప్రే కొట్టమని కొందరన్నారు. కొడితే చెయ్యి తగిలేచోట ఇక అరగదు, లాకర్ పొర ఒకచోట లేస్తే మచ్చమచ్చలుగా కనిపిస్తుంది.

దసరాకు ఇల్లు కడిగేటప్పుడు పనమ్మాయికి చింతపండు, పీతాంబరి తలవాకిలి దరిదాపులకు తేవద్దని రెండుసార్లు చెప్పుకోవాల్సి వచ్చింది. తడి గుడ్డతో తుడిచి వెంటనే పొడి గుడ్డ పెడితే సరి. మా ఆయన ఇప్పుడు దేవుడి గది తలుపుకు కూడా చేయమంటున్నాడు. అమ్మోనియా సగం సీసా మిగిలే ఉంది గానీ, ఎండలు తగ్గి నాలుగు వానలు పడేదాకా దాని మూత తీసేది లేదు.